చెత్తబుట్టలో నీళ్లు

బీరకాయ చెక్కు, పుచ్చకాయ తొక్క, పాలకూర కాడలు, మిగిలిన అన్నం, టీ వడగట్టిన పిప్పి. ఇంట్లో తడి చెత్తను ఒక కిలో తూచి, మేడ మీద గలగలమనేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. పావు కిలోకు అటూఇటూ తేలుతుంది. పోయినదంతా నీళ్లే.

హైదరాబాద్‌లో రోజూ పోగయ్యే చెత్త 7,000 టన్నులు దాటింది. అందులో సగమే తడి చెత్త అనుకున్నా, దాని కడుపులో ఉన్న నీళ్లు రెండున్నర వేల టన్నులు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు వందలు. ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకర్ బుక్ చేసి గేటు దగ్గర ఎదురుచూసే నగరం, ఐదు వందల ట్యాంకర్ల నీళ్లను రోజూ డీజిల్ ఖర్చు పెట్టుకుని జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు మోస్తోందన్నమాట.

చెత్త మాట రాగానే అందరూ ప్లాస్టిక్ దగ్గర మొదలుపెడతారు. గాలికి ఎగిరేది, మోరీకి అడ్డం పడేది, ఆవు కడుపులో తేలేది అదే కాబట్టి అందులో తప్పులేదు. కానీ డబ్బాలో మిగతా అన్నిటినీ పాడుచేసేది తడి. ప్లాస్టిక్‌ను కడిగి ఆరబెడితే మళ్లీ సరుకే. సాంబారులో నానిన అట్టపెట్టెను ఏం చేసినా సరుకు కాదు.

ఆ తడి ఎక్కడెక్కడ ఏం చేస్తుందో చూడండి. స్వచ్ఛ ఆటో ఇంటి ముందు నుంచి చెత్తను ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు తీసుకెళ్తుంది. అక్కడ కంపాక్టర్ దాన్ని అణిచి పెద్ద బండికి ఎక్కిస్తుంది. అణిచినప్పుడు చెరుకు మిషన్‌లోంచి రసం కారినట్టు నల్లటి ఊట కారుతుంది. పెద్ద బండి వెనక నడిపే బైకువాళ్ల మీద చింది పడేది ఇదే. యార్డులో గుట్ట పడ్డాక గాలి ఆడని అడుగున తడి చెత్త కుళ్లి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు అది. మిగిలిన ఊట దారిలో దొరికిన లోహాలనూ రసాయనాలనూ కరిగించుకుంటూ నేలలోకి దిగుతుంది. జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైబడిన పాత గుట్టను ఇప్పుడు కప్పి, గ్యాసు బయటికి పోయే గొట్టాలు పెట్టి మూశారు. ఆ కప్పు పైనుంచి పడే వానను ఆపుతుంది. లోపల ముందే ఉన్న తడి మాత్రం ఊరుతూనే ఉంటుంది. పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది ఆ గుట్ట ఊటే.

కాల్చేస్తే పోదా అని అడిగేవాళ్లుంటారు. అక్కడా నీళ్లే అడ్డం. మామూలు వేడిలో ఉన్న కిలో నీళ్లను ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోకేలరీలు కావాలి. సగం నీళ్లున్న కిలో చెత్తను పొయ్యిలో వేస్తే మొదటి 300 కిలోకేలరీలు ఆ నీళ్లకే ఖర్చయిపోతాయి. కిలోకు 1,500 కిలోకేలరీలు, ఆపైన వేడినిచ్చే చెత్తను పూడ్చొద్దు, ఇంధనంగా వాడండి అని ఘన వ్యర్థాల మీద కేంద్రం తెచ్చిన 2016 నియమాలు గీత గీశాయి. తడీ పొడీ కలిసిన మన చెత్త ఆ గీతను అందుకోవడం కష్టం. జవహర్‌నగర్‌లో 24 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్నా, వచ్చింది వచ్చినట్టు కాల్చలేరు. ఆరబెట్టి, జల్లెడ పట్టి, కాలే ముక్కల్ని వేరుచేసి ఆర్‌డీఎఫ్‌గా, అంటే చెత్త నుంచి తీసిన ఇంధనంగా, మార్చుకోవాలి. మన వంటింట్లో అరనిమిషంలో అయ్యే పనిని అక్కడ కోట్ల రూపాయల యంత్రాలతో సగం సగంగా చేస్తున్నారు.

అదే నీళ్లు నిప్పుకు శత్రువైనా సూక్ష్మజీవులకు చుట్టం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసేలా బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. సాంకేతికత తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. అది నడవడానికి కారణం ఒకటే. మార్కెట్ చెత్తలో గాజుపెంకులూ డైపర్లూ ఉండవు.

నాలుగు డబ్బాల సంగతి

2016 నియమాలు చెత్తను మూడుగా విడదీయమన్నాయి. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు నాలుగు అంటున్నాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది కానీ రోజూ నింపేది రెండు డబ్బాలనే. శానిటరీకి చిన్న మూతడబ్బా చాలు. నాలుగోదానికి అటక మీద ఒక అట్టపెట్టె పెడితే ఆరు నెలలకు కూడా నిండదు.

తడి డబ్బాలో ప్లాస్టిక్ కవరు వేయకండి. నల్ల కవరులో బిగించి ముడేసి ఇస్తే ఆటో దగ్గర దాన్ని చేత్తో చింపేది ఒక మనిషి. లోపల ఏ బ్లేడు ఉందో ఆ మనిషికి తెలియదు. పాత పేపరు రెండు పొరలు అడుగున వేస్తే ఊటంతా అదే పీల్చుకుంటుంది, డబ్బాను కడగడమూ తేలికవుతుంది. పప్పు, పులుసు, గంజి డబ్బాలో పోయొద్దు. ముందు జల్లిగిన్నెలో వంచి, నీళ్లు దిగాక గట్టిదే వేయండి. ఈ ఒక్క అలవాటుతోనే డబ్బా బరువు బాగా తగ్గుతుంది, వాసన మరీ తగ్గుతుంది.

పొడి చెత్తకు సూత్రం ఒక్కటే, ఎండిపోయి ఉండాలి. పాల ప్యాకెట్ సంగతే తీసుకోండి. అర లీటరు ఖాళీ కవరు బరువు సుమారు మూడు గ్రాములు. మూల కత్తిరించేటప్పుడు ముక్కను పూర్తిగా తెంపకుండా వేలాడనివ్వండి. తెగిపోయిన ఆ చిన్న ముక్కోణం ఏ జల్లెడలోనూ నిలవదు, మోరీలోకో మట్టిలోకో పోతుంది. కవరును నిలువునా కోసి, గిన్నెలు కడిగిన ఆఖరి నీళ్లలో ఒకసారి ఆడించి, సింకు పక్క టైలుకు అంటిస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. అలా పోగేసిన వాటిని కబాడీవాళ్లు తీసుకుంటారు. పాలు అంటుకుని పులిసిన వాటిని ఎవరూ ముట్టరు.

నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు, గట్టి ప్లాస్టిక్ బాక్సులు, అట్టలు, పేపర్లు, ఇనుము, అల్యూమినియం అమ్ముడుపోతాయి. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు అమ్ముడుపోవు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటంతో విడదీసే ఖర్చు గిట్టదు. వాటికి మంచి గతి సిమెంటు బట్టీయే. థర్మకోల్‌లో నూటికి 95 పాళ్ల పైన గాలి, ఆటో నిండా ఎక్కించినా కాటా మీద ముల్లు కదలదు. కాగితం కప్పు పేరుకే కాగితం, లోపల పలచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. పిజ్జా, బిర్యానీ అట్టల్లో నూనె పీల్చుకున్న భాగాన్ని చింపి తడి చెత్తలో వేసి, శుభ్రంగా ఉన్న మూతను పొడిలో వేయండి. నూనె కలిసిన గుజ్జుతో కాగితం సరిగా కుదరదు.

డైపర్లను, ప్యాడ్లను పేపరులో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. డైపరులోని జెల్ పొడి తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టేసుకుంటుంది. అది తడి చెత్తలో పడితే ఎరువు పాడు, కమోడ్‌లో పడితే పైపు పాడు. షుగరు ఉన్నవాళ్ల ఇళ్లలో ఇన్సులిన్ సూదులు, వేలికి గుచ్చి రక్తం తీసే లాన్సెట్లు రోజూ పోగవుతాయి. మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసుకుంటూ వెళ్లి, ముప్పావు నిండాక మూత బిగించి టేపు చుట్టి ఇవ్వండి. కవరులో వేస్తే మాత్రం అది ఎవరి వేలికో గుచ్చుకుంటుంది.

ప్రత్యేక డబ్బాలో వేసేవి కాలిపోయిన బల్బులు, గడువు తీరిన మందులు, పెయింటు అడుగులు, దోమల మందు డబ్బాలు, బ్యాటరీలు. సీఎఫ్‌ఎల్ బల్బులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, పావుగంట ఆ గదిలోకి వెళ్లకండి. తర్వాత ముక్కలను అట్టతో ఎత్తి సీసాలో వేయండి. చీపురుతో ఊడిస్తే పాదరసం ఇల్లంతా పరుచుకుంటుంది. ఇప్పుడు అంతకంటే పెద్ద ప్రమాదం లిథియం బ్యాటరీలు. ఇయర్‌బడ్స్, పిల్లల బొమ్మలు, పవర్‌బ్యాంకులు మామూలు చెత్తలో కలిసి కంపాక్టర్ కింద నలిగితే లోపలే షార్టయి నిప్పు పుడుతుంది. చుట్టూ ఎండు అట్టలుంటే ఇక చెప్పేదేముంది. రెండు కొసలకూ టేపు అంటించి విడిగా పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోటే ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం వద్దు.

బాత్‌రూమ్ పగలగొట్టినప్పుడు వచ్చే టైలు ముక్కలు, సిమెంటు పెళ్లలు వేరే జాతి. స్వచ్ఛ ఆటో వాటికి కాదు. జీడిమెట్లలో, ఫతుల్లగూడలో రోజుకు 500 టన్నుల చొప్పున ఇలాంటి శిథిలాలను నలగ్గొట్టి ఇసుక, కంకర, పేవర్ బ్లాకులుగా మార్చే ప్లాంట్లున్నాయి. మేస్త్రీతో బేరం కుదిరేటప్పుడే ‘మలబా ఎక్కడ దింపుతావు’ అని తేల్చుకోండి. ‘అది మేం చూసుకుంటాం సార్’ అన్నాడంటే ఏదో ఒక చెరువు గట్టుకు మూడినట్టే.

బకెట్‌లో ఎరువు

ఇక తడి చెత్త. నలుగురున్న ఇంట్లో రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా వస్తుంది. దీనికి ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు రెండిటితో మొదలుపెట్టండి. పక్కల నాలుగంగుళాలకు ఒకటి చొప్పున పెన్సిల్ దూరేంత రంధ్రాలు, అడుగున ఐదారు. కింద రెండు ఇటుకలు, వాటి మధ్య ఊట పడటానికి ఒక పళ్లెం. అడుగున మూడంగుళాల మేర కొబ్బరి పీచు, ఎండు పుల్లలు వేస్తే గాలి కింది నుంచి కూడా ఆడుతుంది.

ఒక గిన్నె తడి చెత్తకు అదే గిన్నెతో ఒకటిన్నర, రెండు గిన్నెల ఎండు సరుకు. ఎండుటాకులు, చింపిన అట్ట, రంపపు పొట్టు, కోకోపీట్ అనే కొబ్బరి పీచు పొట్టు, ఏదైనా సరే. మూలకారణం కర్బనం, నత్రజని నిష్పత్తి. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం సరిపోతుంది. కూరగాయ తొక్కల్లో కర్బనం అంతకంటే తక్కువ, ఎండుటాకుల్లో అంతకంటే చాలా ఎక్కువ, కలిపితే సరిపోతుంది. మొదటిసారి తోడుకు పాత ఎరువు రెండు దోసిళ్లు, లేదంటే పుల్లటి మజ్జిగ అర గ్లాసు. ముక్కలు అంగుళం మించకుండా తరగండి. మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా తిప్పండి. చెత్త కుంగిపోతూ ఉంటుంది కాబట్టి బకెట్ అనుకున్నంత త్వరగా నిండదు. రెండోది నిండేలోపు మొదటిది మాగకపోతే ఇంకో బకెట్ పెట్టండి.

తడి ఎంత ఉండాలో చేయే చెబుతుంది. లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఎండుటాకులు దట్టించాలి. పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి. మే నెలలో మన ఎండకు బకెట్ వారంలోనే ఎండిపోయి ఏమీ కుళ్లకుండా అలాగే ఉంటుంది. చీమలు పట్టాయంటే అర్థం అదే, తడి చాలలేదు. జూలై, ఆగస్టుల్లో ఇందుకు పూర్తిగా తలకిందులు.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందడం లేదు, నీళ్లెక్కువయ్యాయి. మొత్తం పేపరు మీద కుమ్మరించి, అంతే కొలత ఎండు పొట్టు కలిపి మళ్లీ నింపండి. ముక్కు మండే ఘాటు వస్తే అది అమోనియా, నత్రజని ఎక్కువైంది. అట్టముక్కలు కలిపితే రెండు రోజుల్లో తగ్గుతుంది. తెల్లటి, గోధుమరంగు లావు పురుగులు కనబడగానే చాలామంది బకెట్ పారేస్తారు. అవి తరచుగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, కుట్టవు, రోగాలు తేవు, పైగా చెత్తను మనకంటే వేగంగా తింటాయి. చూడబుద్ధి కాకపోతే పైన రెండంగుళాల ఎండుటాకులు, గుప్పెడు వేప పిండి చల్లండి. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలకూ మందు అదే, తొక్కలు ఎప్పుడూ పైకి కనబడకూడదు.

ఊరగాయ వేయొద్దు, ఉప్పు మొక్కల వేళ్లను మాడుస్తుంది. నూనె వేయొద్దు, ముక్కల చుట్టూ పూతలా పట్టి గాలిని ఆపుతుంది. ఎముకలు, మాంసం చిన్న బకెట్లో వేస్తే ఎలుకలకు కబురు పంపినట్టే. చింతపండు పిప్పి, నిమ్మతొక్కలు కొద్దిగా అయితే ఫరవాలేదు. ఆవకాయ రోజుల్లో వచ్చే మామిడి టెంకలు, తాగేసిన కొబ్బరి బొండాలు ఈ బకెట్‌కు లొంగవు. వాటిని నలగ్గొట్టే మిషన్ ఉన్నచోటే అవి ఎరువవుతాయి.

ఇంకో సంగతి. ఎరువు గుట్ట 55 డిగ్రీల పైన వేడెక్కితేనే గింజలు, తెగుళ్ల క్రిములు చస్తాయి. అంత వేడి నిలవాలంటే సుమారు ఘనమీటరు గుట్ట కావాలి, ఇరవై లీటర్ల బకెట్ గోరువెచ్చన దాటదు. అందుకే ఇంటి ఎరువు వేసిన ప్రతి కుండీలో టమాటా మొలకలు పిలవకుండానే వస్తాయి. రెండు నెలలకు నల్లగా, మట్టి వాసనతో, ఏది ఏ తొక్కో గుర్తుపట్టలేనట్టు ఉంటే జల్లించి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కలపండి. జల్లెడలో మిగిలినది కొత్త బకెట్‌కు తోడు.

కోకోపీట్ కొనాల్సిన పని కూడా లేదు. ఫిబ్రవరి, మార్చిలో మన వీధుల్లో కానుగ చెట్లు ఆకు రాలుస్తాయి. నాలుగు గోనె సంచుల నిండా తొక్కి పెట్టుకుంటే వానాకాలం గట్టెక్కుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో అవే ఆకులను వాచ్‌మన్ చేత గోడ పక్కన కాల్పిస్తారు. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. జూలైలో కోకోపీట్ ఇటుకలు కొనేదీ ఆ అపార్ట్‌మెంట్లే.

అపార్ట్‌మెంట్ లెక్క

యాభై ఫ్లాట్లంటే రోజుకు నలభై కిలోల తడి చెత్త వేసుకోండి. పది కిలోల ఎండుటాకులు కలిపితే యాభై. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న గది ఒకటి పది రోజుల్లో నిండుతుంది. అరవై రోజులు మాగనివ్వాలి కాబట్టి ఆరు గదులు, రోజూ నింపడానికి ఒకటి, అటూఇటూ కదిలించడానికి ఇంకొకటి, మొత్తం ఎనిమిది. ఇటుకలను సందులు వదిలి జాలీగా కట్టాలి. నేల ఒక పక్కకు వాలుగా ఉండి, ఊట పైపు ఒక తొట్టిలోకి పోవాలి. పైన రేకు తప్పనిసరి. సెల్లార్‌లో మాత్రం పెట్టకండి, గాలి ఆడదు, మొదటి నెలలోనే ఫిర్యాదులు వచ్చి మూతపడుతుంది.

నడవని చోట్ల కారణం దాదాపు ఎప్పుడూ ఎండు సరుకు అయిపోవడమే. రెండో కారణం మనిషి. ‘హౌస్‌కీపింగ్ వాళ్లు చూసుకుంటారు’ అని వదిలేస్తే ఎవరూ చూసుకోరు. రోజుకు గంటన్నర పని ఇది. దానికి విడిగా జీతం, గ్లవ్స్, బూట్లు లెక్కలో రాసుకోవాలి.

స్థలం లేదని యంత్రం కొనే కమిటీలు ఎక్కువయ్యాయి. ఇరవైనాలుగు గంటల్లో ఎరువు అని బ్రోషర్‌లో ఉంటుంది. ఒక రోజులో తొక్క ఎరువు కాదు. వేడిచేసి, తిప్పి, నీళ్లు లాగేస్తే గోధుమరంగు పొడి వస్తుంది. అది ఆరిన చెత్త. కుండీలో వేసి నీళ్లు పోయగానే ఆగిపోయిన కుళ్లు మళ్లీ మొదలై మొక్క వేళ్లు వేడికి పోతాయి. ఆ పొడిని ఇంకో నెల మాగబెట్టే చోటుంటేనే మిషన్ పనికొస్తుంది. చెత్తలోంచి అంత నీరు లాగడానికి కరెంటు ఎంత తింటుందో కూడా డెమోలోనే మీటరు పెట్టి చూడండి.

కొనేముందు ఇంకో పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. మిషన్‌లోంచి వచ్చిన పొడి రెండు గుప్పిళ్లు తీసుకుని, పిండితే ఒక చుక్క రాలేంత తడిపి, జిప్ కవరులో గాలి తీసేసి మూసి, నీడలో మూడు రోజులు ఉంచండి. మూడో రోజు కవరు ఉబ్బి, తెరవగానే పులిసిన వాసన కొడితే అది ఇంకా చెత్తే. వానపడ్డ మట్టి వాసన వస్తే చెక్కు రాయొచ్చు.